ఎర్రమట్టి అంతా ఒకటే మట్టి కాదు: పర్లాకిమిడి దగ్గర ఒక హత్య కేసు

గజపతి జిల్లాలో నేల ఎర్రగా ఉంటుందని ఎవర్నడిగినా చెప్తారు. పర్లాకిమిడి నుంచి మోహన వైపు పోయినా కాశీనగర్ వైపు పోయినా సాయంత్రానికి బండి చక్రాలకి ఎర్రదుమ్ము పట్టాల్సిందే, అందుకే స్టేషన్ నుంచి ఎవరైనా ఫోన్ చేసి "సార్, ఎర్రమట్టి దొరికింది, గోతి దగ్గరదీ ఇదీ ఒకటే" అంటే నాకు కంగారు పుడుతుంది, ఎందుకంటే ఆ ఒక్క మాట మీద ఎవరో ఒకరు లోపలికి పోతారు. నేను ఫోరెన్సిక్‌లో ఫిజిక్స్ సెక్షన్ మనిషిని. మన దేశంలో చాలా ల్యాబుల్లో మట్టి, గాజు, పెయింటు ఫిజిక్స్ వాళ్ళ దగ్గరకే వస్తాయి, సంబంధం ఏంటని చాలామంది అడుగుతారు గానీ పద్ధతి అలాగే నడుస్తోంది. ఇప్పుడు రాసే కేసులో ఇద్దర్ని పట్టుకున్నారు, ఇద్దరి దగ్గరా ఎర్రమట్టే దొరికింది, ఒకరికి శిక్ష పడింది, ఇంకొకరు బయటికొచ్చారు, రెండిట్లోనూ మట్టి మాట చెల్లింది. అప్పీలు కూడా తేలిపోయింది కాబట్టి రాస్తున్నా. పేర్లు, ఊరు, సంవత్సరం పెట్టను.

చనిపోయినాయన యాభై దాటిన రైతు, ఇల్లు ఒడిశా వైపు. ఆయనకి తమ్ముడి వరసయ్యే బంధువు ఉండేది పాతపట్నం వైపు, అంటే ఆంధ్రా. మా దగ్గర ఇది మామూలే, మధ్యలో మహేంద్రతనయ ఏరు దాటితే రాష్ట్రం మారిపోతుంది గానీ చుట్టరికాలు, పొలాలు, పెళ్ళిళ్ళు అటూ ఇటూ కలిసే ఉంటాయి. ఇద్దరి మధ్యా ఉమ్మడిగా వచ్చిన జీడితోట మీద తగువు. "మాట్లాడి తేల్చుకొని వస్తాను" అని పొద్దున్నే వెళ్ళినాయన తిరిగి రాలేదు. నాలుగో రోజు కొండ అడుగున ఒక జీడితోటలో కుక్కలు తవ్వుతున్నాయని మేకలు కాసేవాళ్ళు చూసి చెప్పారు. తహసీల్దారు ఎదుట గొయ్యి తీశారు, తల మీద దెబ్బ, మూడడుగుల పైన లోతులో పూడ్చేశారు.

నేను చేరేసరికి శవాన్ని ఇంకా పైకి తీయలేదు, అది మా అదృష్టం. గొయ్యి గోడ చెక్కుచెదరకుండా కనిపించింది. పైన జానెడు మందం ముదురు గోధుమ ఎరుపు, ఆకు కుళ్ళిన మట్టి, అందులో నల్లటి బొగ్గు ముక్కలు, ఆ వాలు మీద ఎప్పుడో పోడు కొట్టి కాల్చిన గుర్తులు. దాని కింద చిక్కటి ఎరుపు, గులకతో. ఇంకా కిందకెళ్తే రంగు పాలిపోయి పసుపెరుపులోకి మారి, చేత్తో నలిపితే పొడైపోయే మెత్తబడ్డ రాయి, మధ్యలో తెల్లటి మచ్చలు, చిన్న చిన్న ఎర్రటి గింజలు, గోటితో గీస్తే బూడిద రంగు జారుడుగా అంటుకునే రేకులు. ఆ రాయి ఖోండలైట్. ఇక్కడి కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద పెట్టిన పేరది, కోణార్క్ గుడిలో ఎక్కువ భాగం కట్టింది కూడా ఈ రకం రాయితోనే. ఎర్ర గింజలు గార్నెట్, బూడిద రేకులు గ్రాఫైట్, కంటికి ఆనకుండా మట్టిలో కలిసిపోయిన సన్నటి సూదులు సిల్లిమనైట్. తెల్ల మచ్చలు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కుళ్ళి కయోలిన్ అనే తెల్ల బంకమట్టి అయిపోయినవి.

గోడ నుంచి పొరకొకటి చొప్పున వేరువేరుగా తీశాం, కింద పొర ముందు, పై పొర చివర, లేకపోతే పైది రాలి కిందదాన్లో కలిసిపోతుంది. గోతి చుట్టూ నాలుగు వైపులా పైపై మట్టి, తోటలోకొచ్చే కాలిబాట, బండి ఆగగలిగే చోటు, తారు రోడ్డు నుంచి తోట దాకా వచ్చే కచ్చా బాట, అన్నీ. శాంపిల్ తడిగా ఉంటే ప్లాస్టిక్ కవర్లో వేయకండని ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే కవర్లో వస్తుంది, బూజు పట్టేస్తుంది, అందుకే ఆ రోజు కాగితం పొట్లాలు మేమే పట్టుకెళ్ళాం.

తమ్ముడి వరస మనిషిని మర్నాడే పట్టుకున్నారు. అతను చూపించిన చోట, పశువుల శాల వెనక గడ్డివాము కింద పార దొరికింది. అప్పటికి పాత చట్టాలే, ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 27 కింద రికవరీ రాశారు, 2024 జులై 1 నుంచి అదే సంగతి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 23 కిందకి వెళ్ళింది. పార రేకు శుభ్రంగా కడిగేసి ఉంది. ఎస్సై గారు డీలాపడ్డారు, "ఇంకేటుందండి ఇందులో" అన్నారు. పార కడిగేవాళ్ళు రేకు కడుగుతారు గానీ కామ దూర్చే రింగు లోపల కడగరు, చెక్కకీ ఇనుముకీ మధ్య సందులో ఏళ్ళ తరబడి మట్టి కూరుకుపోయి ఉంటుంది. పార మొత్తాన్ని కాగితంలో చుట్టి, రింగు దగ్గర ఎవరూ వేలు పెట్టకుండా ల్యాబుకి పంపించమని చెప్పాను.

తర్వాత అతని వాంగ్మూలం అడిగాను. ఆ పారతో ఎక్కడెక్కడ పని చేశాడని చెప్తున్నాడు? మూడు చోట్లు చెప్పాడు, వరి పొలంలో గట్టు వేశాడు, మహేంద్రతనయలో ఇసుక ఎత్తాడు, ఇంటి వెనక మరుగుదొడ్డి కోసం గొయ్యి తవ్వాడు. "ఎర్రమట్టి ఆ లెట్రిన్ గోతిదే బాబూ" అన్నాడట. ఆ మూడు చోట్ల మట్టీ కావాలన్నాను.

"ఆడు సెప్పింది అబద్ధమని తెలుస్తోంది కదండీ, అక్కడ మట్టెందుకు మనకి?" అన్నారు ఎస్సై గారు, ఆయనా మా వైపు మనిషే.

ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే మట్టి కేసులు చెడిపోయేది ఇక్కడే. గోతి మట్టి ఒకటి, పార మట్టి ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టి "పోలి ఉన్నాయి" అని రాస్తే ఆ రిపోర్టుకి విలువ ఎంత? పోలిక అనేది ఎన్ని చోట్లతో పోల్చి చూశాం అన్న దాని మీద నిలబడుతుంది. నిందితుడు నేను ఫలానా చోట ఉన్నానంటే ఆ ఫలానా చోటుకి మనమే వెళ్ళి మట్టి తీయాలి, అతని మాట నిజమైతే తేలిపోతుంది, అబద్ధమైతే కోర్టులో ఆ దారి మూసుకుపోతుంది. అవి తేకుండా కోర్టుకెళ్ళడం నిందితుడికి అన్యాయం, చచ్చిపోయినాయనకీ అన్యాయమే. ఎస్సై గారు మంచాయన, అర్థం చేసుకున్నారు, పాతపట్నం పోలీసులతో మాట్లాడి ఆ మూడు చోట్లకీ తీసుకెళ్ళారు.

ల్యాబులో ముందు రంగు. మున్‌సెల్ చార్టు అని రంగు చీటీల పుస్తకం ఉంటుంది, ఆరిన మట్టిని పగటి వెలుతురులో దానితో పోలుస్తాం. గోతి మధ్య పొర 2.5 వైఆర్ 4/6 వచ్చింది, ఆ పుస్తకంలో ఎరుపు చీటీ నంబరది. నిందితుడి ఇంటి వెనక లెట్రిన్ గొయ్యి కూడా అదే 2.5 వైఆర్ 4/6. అంటే కంటితో చూసే ఎవరైనా, నేనైనా సరే, ఆ రెండూ ఒకటే మట్టి అని ప్రమాణం చేసి చెప్పేస్తారు! వరి పొలం మాత్రం 10 వైఆర్ 4/1, ముదురు బూడిద, దాంతో ఏ గొడవా లేదు. గోతి కింద పొర 7.5 వైఆర్ 6/6, పసుపెరుపు.

పార రింగు నుంచి కామ విడదీసినప్పుడు మా సహోద్యోగి వీడియో తీశారు. లోపల మట్టి కేకులాగా గట్టిపడి ఉంది, దాన్ని గీకకుండా ముక్కగా ఊడదీసి అడ్డంగా చూస్తే పొరలు. లోపలి వైపు, ఇనుముకి ఆనుకొని బూడిద రంగు బంక మట్టి, పాతది. దాని మీద ఎర్రది, అందులో బొగ్గు నలుసులు. అన్నిటికన్నా బయట, చివరగా చేరింది, పాలిపోయిన పసుపెరుపు.

పొరల వరస ఎంత ముఖ్యమో తెలియాలంటే 1908 నాటి జర్మనీ కేసు ఒకటి చెప్పాలి, మా పనిలో దిగినవాళ్ళకి గురువులు ముందు చెప్పేది అదే. మార్గరెత్ ఫిల్బర్ట్ అనే ఆవిడ హత్యకి గురైతే ఫ్రాంక్‌ఫర్ట్‌కి చెందిన గియోర్గ్ పాప్ అనే రసాయన నిపుణుడు అనుమానితుడి బూట్ల మట్టిని చూశాడు. ముందురోజు రాత్రే బూట్లు శుభ్రం చేశానని అతని భార్య చెప్పింది, అంటే ఉన్న మట్టంతా ఆ ఒక్క రోజుదే. తోలుకి ఆనుకొని బాతు రెట్ట, ఇంటి ముందుది. దాని పైన శవం దొరికిన చోటి ఎర్ర ఇసుకరాయి మట్టి. ఆ పైన బొగ్గు, ఇటుక పొడి, సిమెంటు, అతని తుపాకీ, బట్టలు దొరికిన పాడుబడ్డ కోట దగ్గరివి. ఇంకో సంగతి, ఆ రోజు తన పొలంలోనే తిరిగానన్నాడు, పొలంలో ఉండే రాతి ముక్కలు బూట్లకి ఒక్కటీ లేవు. ఉన్నది ఎంత సాక్ష్యమో లేనిది కూడా అంతే సాక్ష్యమని నూట పదిహేనేళ్ళు దాటినా ఆ కేసు చూపిస్తూనే ఉంది.

మా కేసులో అసలు చిక్కు గార్నెట్. పార బయటి పొరలో గార్నెట్ ఉంది, గోతిలో ఉంది, బానే ఉంది, కానీ మహేంద్రతనయ ఇసుకలో కూడా గార్నెట్ ఉంది. ఉండదా మరి, ఆ కొండల నీళ్ళే కదా అందులోకి వచ్చేది. మా తీరం పొడవునా, గంజాం జిల్లా ఛత్రపూర్‌లో ఖనిజాల కోసం ఇసుక తీసే చోటు దాకా, గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మనైట్ దొరికేది ఈ కొండలు అరిగి కొట్టుకొచ్చినందుకే. కాబట్టి "గార్నెట్ ఉంది" అని రాసేస్తే డిఫెన్సు లాయరు ఒక్క ప్రశ్నతో కూల్చేస్తాడు, కూల్చేయాలి కూడా.

అందుకని జల్లెడ పట్టి అన్ని శాంపిళ్ళలోనూ ఒకే సైజు భాగం తీసుకున్నాం. పనిముట్లకి సన్న మట్టి ఎక్కువ అంటుకుంటుంది, గులక రాలిపోతుంది, అందుకని పార మట్టిని గోతి మట్టి మొత్తంతో పోలిస్తే తప్పు లెక్క వస్తుంది. తర్వాత బరువైన ద్రవంలో వేశాం. ఆ ద్రవం బ్రోమోఫార్మ్, సాంద్రత 2.89 దరిదాపుల్లో ఉంటుంది, మామూలు ఇసుక గింజ క్వార్ట్జ్ 2.65 కాబట్టి తేలుతుంది, సిల్లిమనైట్ 3.2, గార్నెట్ 4 చుట్టుపక్కల, మునిగిపోతాయి. గ్రాఫైట్ 2.2 కాబట్టి తేలినవాటిలో వెతకాలి, చాలామంది మునిగినవి మాత్రమే చూసి తేలినవి పారబోస్తారు, అలా చేయకండి. మునిగిన గింజల్ని పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెట్టాం. శాంపిళ్ళ మీద పేర్లు తీసేసి నంబర్లు వేసి ఇంకొకరు ఇచ్చారు, ఏది పారదో ఏది గోతిదో చూసేవాళ్ళకి తెలియకుండా.

అప్పుడు తేడా బయటపడింది. ఏటి ఇసుకలో గార్నెట్ గింజలు అంచులు అరిగి, ఒళ్ళు శుభ్రంగా ఉన్నాయి, వాటితో పాటు హార్న్‌బ్లెండ్, హైపర్‌స్తీన్, ఇల్మనైట్ అనే వేరే ఖనిజాలు కలగాపులగంగా. గోతి కింద పొరలో గార్నెట్ కోసుగా, విరిగిన అంచులతో, పగుళ్ళలో తుప్పు రంగు ఇనుప ఆక్సైడు దిగి ఉంది, సిల్లిమనైట్ సూదులు విడిపోకుండా కట్టలు కట్టలుగా కయోలిన్‌లోనే గుచ్చుకొని ఉన్నాయి. ఏటిలో కొట్టుకొచ్చిన మట్టిలో ఆ కట్టలు అలా నిలవవు. పార బయటి పొర అచ్చం ఇలాగే ఉంది, గ్రాఫైట్ రేకులతో సహా. మరి లెట్రిన్ గొయ్యి? రంగు ఒకటే గానీ రాయి వేరు. అతని ఇల్లున్న చోట కింద చార్నకైట్ అనే ఇంకో రకం రాయి, దాని మట్టిలో హైపర్‌స్తీన్ బాగా ఉంది, మైక్రోస్కోపు బల్ల తిప్పుతుంటే లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకి రంగు మారే గింజ అది, ఒకసారి చూస్తే మర్చిపోరు. సిల్లిమనైట్ లేదు, గ్రాఫైట్ లేదు. ఎక్స్‌రేలతో ఖనిజాన్ని గుర్తుపట్టే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో బంకమట్టి భాగం కూడా పెట్టాం, వరి పొలంలోది స్మెక్టైట్, అంటే గ్లైకాల్ అనే ద్రవం ఆవిరి తగిలితే పొరల మధ్య ఎడం 14 నుంచి 17 ఆంగ్‌స్ట్రామ్‌లకి ఉబ్బే బంకమట్టి, పార లోపలి బూడిద పొరా అదే. అంటే వరి పొలం గురించి అతను చెప్పింది నిజమే, ఆ మాట రిపోర్టులో రాశాం కూడా.

నాకు ఈ కేసులో అన్నిటికన్నా గట్టిగా అనిపించింది లోతు. పసుపెరుపు మట్టి ఆ తోటలో పైన ఎక్కడా లేదు, చుట్టూ తీసిన పైమట్టి శాంపిళ్ళు వెతికాం, లేదు. దాన్లో ఆకు కుళ్ళు లేదు, బొగ్గు లేదు. తోటలో నడిస్తేనో పార కింద పెడితేనో అది అంటదు, రెండున్నర అడుగులు దాటి తవ్వితేనే అంటుంది. బొగ్గు నలుసుల ఎర్రమట్టి ముందు, దాని మీద లోతు మట్టి, ఆ వరస గొయ్యి తవ్వే వరసే.

కోర్టులో డిఫెన్సు లాయరు గారు బాగా చదువుకొని వచ్చారు. "ఖోండలైట్ తూర్పు కనుమల పొడవునా ఉందా లేదా?" ఉందండి. "అయితే ఈ మట్టి రాయగడ నుంచి కూడా రావొచ్చు?" రావొచ్చండి, అక్కడా ఇలాంటి కొండ అడుగున ఇంత లోతు తవ్వితే. "అంటే ఈ గోతిదే అని మీరు చెప్పలేరు?" చెప్పలేనండి, నా రిపోర్టులోనూ చెప్పలేదు, ఈ గోతి కింద పొరతో తేడా కనపడలేదు, నిందితుడు చెప్పిన మూడు చోట్లలో ఏ ఒక్కటీ ఆ బయటి పొరకి కారణం కాదు, నేను చెప్పగలిగేది ఇంతే. ప్రాసిక్యూషన్ ఆయన మొహం కొంచెం మాడింది, ఆయనకి "ఈ గోతిదే" అన్న మాట కావాలి. మట్టి వేలిముద్ర కాదు, ఆ మాట నేను అనను. పరిస్థితుల సాక్ష్యం మీద నడిచే కేసులో గొలుసు తెగకూడదని 1984లో శరద్ బిర్ధిచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలు చెప్పింది, మట్టి ఆ గొలుసులో ఒక లింకు. ఇక్కడ మిగతా లింకులు ఉన్నాయి, ఆఖరిసారి ఇద్దర్నీ కలిసి చూసినవాళ్ళు, ఫోన్లు, చనిపోయినాయన వాచీ. జడ్జి గారు తీర్పులో ఆ మూడు చోట్ల శాంపిళ్ళ గురించే ఎక్కువ రాశారు.

ఇక ఆటో కుర్రాడి సంగతి. చివరికి ఉంచాను గానీ నాకు ఈ కేసంటే ముందు గుర్తొచ్చేది ఆ కుర్రాడే. పర్లాకిమిడి స్టాండులో ఆటో తోలుకునేవాడు. ఆ రోజు ఆ రోడ్డు మీద అతని ఆటో కనపడిందని ఎవరో చెప్పారు, చూస్తే చక్రాల పైన మడ్‌గార్డుల్లో ఎర్రమట్టి గడ్డలు, అంతే, శవాన్ని మోసింది ఇదే ఆటో అని లోపలేశారు. ఆటో శాంపిల్ తీయడానికి వెళ్ళినప్పుడు స్టేషన్ గేటు దగ్గర వాళ్ళమ్మ నిలబడి ఉంది. "బాబూ, మావోడు రోడ్డు పనికాడికి కూలోల్ని దింపొచ్చినాడు, ఆ మట్టేనయ్యా అది, సూడండయ్యా ఓపాలి" అంది. నేనేమీ మాట ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా, కానీ ఆవిడ చెప్పింది అలిబీ, అంటే ఆ టైముకి వాడు వేరే చోట ఉన్నాడనే మాట, దాన్ని పరీక్షించొచ్చు. ఆ రోడ్డు పని జరిగే చోట మొరం కుప్ప నుంచి, అక్కడి బాట నుంచి శాంపిళ్ళు తీయించాం.

మడ్‌గార్డు మట్టినీ ముక్కలుగానే ఊడదీశాం. అన్నిటికన్నా బయట, అంటే అన్నిటికన్నా తర్వాత పడిన పొరలో చార్నకైట్ మొరం, హైపర్‌స్తీన్, కుళ్ళని తాజా ఫెల్డ్‌స్పార్, తారు నలుసులు. మొరం కుప్పతో తేడా లేదు. సిల్లిమనైట్ కట్టలు ఏ పొరలోనూ లేవు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, లేకపోవడం అన్నిసార్లూ సాక్ష్యం అయిపోదు, మట్టి రాలిపోవచ్చు, కడిగేయొచ్చు. కానీ ఈ ఆటో కడగలేదు, పాత పొరలన్నీ వరసగా ఉన్నాయి, తోటకి బండి వెళ్ళాలంటే ఆ కచ్చా బాట తప్ప ఇంకో దారి లేదు, ఆ వారం వానలకి అదంతా బురద, మా జీపుకే పిడికెడు గడ్డలు అంటాయి. అందుకనే ఆటో ఆ బాటలో వెళ్ళిందనడానికి ఆధారం లేదని, ఉన్న మట్టి రోడ్డు పని చోటుదానితో సరిపోతుందని రాసి, ఆ రిపోర్టు పార రిపోర్టు కోసం ఆపకుండా ముందే పంపించేశాం. దర్యాప్తు అధికారి పాత సీఆర్‌పీసీ సెక్షన్ 169 కింద, తగిన ఆధారం లేదని, అతన్ని వదిలేయమని రాశారు, కుర్రాడు బయటికొచ్చాడు.

ఆటో మట్టి చూడ్డానికి పట్టింది కొద్దిపాటి టైమే, హెవీ లిక్విడ్ ఒక పూట, మైక్రోస్కోపు ఒక పూట. కానీ అది మా టేబుల్ మీదకి వచ్చేలోపు అతను జైల్లో నెలలు గడిపాడు, ఎందుకంటే ఆటో శాంపిల్నీ పార, బట్టలు, మిగతా అన్నిట్నీ ఒకే పెట్టెలో ఒకే లెటరుతో పంపారు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 176(3) ప్రకారం ఏడేళ్ళు, ఆపై శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్ళు ఘటనాస్థలానికి వెళ్ళాలి, చాలా మంచిది, శాంపిళ్ళు మొదటి రోజే సరిగ్గా తీయొచ్చు. దాంతో పాటు స్టేషన్ వాళ్ళని నేను అడిగేది ఇంకొకటి, ఎవరైనా మట్టి ఒక్కదాని మీద లోపల ఉంటే అతని శాంపిలూ అతను చెప్పిన చోటి శాంపిలూ వేరే లెటరుతో, పైన ఎర్ర ఇంకుతో కస్టడీలో ఉన్నాడని రాసి, ముందు పంపండి. మాకొచ్చే పెట్టెల్లో అలా రాసినవి ముందు తెరుస్తాం.